పాండేసర సీసాలు కడిగింది నేనే

ఇన్నేళ్లు ఎందుకు రాయలేదంటే

ఇన్నేళ్లు ఇది రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు అక్షరాలు వచ్చేవి కావు. పంతొమ్మిదేళ్లు ఒక కాలేజీలో, ఎక్కువకాలం ల్యాబ్‌లో, అటెండరుగా పనిచేసి రిటైరయ్యాక, అరవై ఒకటో ఏట, సూరత్ లింబాయత్‌లో మా గల్లీలోనే ఉండే పంతులమ్మ దగ్గర కూర్చుని అఆలు దిద్దాను. ఆవిడ ఇక్కడి తెలుగు బడిలో ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. నాకు ఒత్తులు పట్టుబడడానికే ఏడాది పట్టింది. ఇప్పటికీ ఒక పేజీ రాయాలంటే ఒక పూట గడిచిపోతుంది.

నువ్వు చెప్తూ ఉంటే ఇంకెవరైనా రాసేవాళ్లు కదా అంటారు. అదీ జరిగింది. ఒకసారి కాలేజీవాళ్లు ఏదో పుస్తకం వేస్తూ నా దగ్గరికి ఒకమ్మాయిని పంపారు. గంటసేపు మాట్లాడాను. పాండేసర మిల్లు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అచ్చయ్యాక చదివించుకుంటే అందులో నా గురించి ఉన్నది మూడే మాటలు. ఇక్కడ పిన్నిని మాసీ అంటారు. మా మాసీ ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. అందరినీ కన్నపిల్లల్లా చూస్తుంది. ఆమె చేతి చాయ్ లేనిదే మా పరిశోధన ముందుకు సాగదు. నేను ఆ ల్యాబ్‌లో ఉన్నన్నేళ్లలో ఒక్కరోజు కూడా చాయ్ పెట్టలేదు. మందులున్న గదిలో తిండీ తాగుడూ ఉండకూడదని వాళ్లకంటే నాకే బాగా తెలుసు.

అప్పుడే అనుకున్నాను, నా మాట నా చేత్తోనే రాయాలని. ఈ మధ్య మా గల్లీ నుంచి ఇద్దరు ఆడపిల్లలు ల్యాబుల్లో అటెండర్లుగా చేరారు. ఇది వాళ్ల కోసం. సెలవులు, సర్వీసు, పర్మనెంటు సంగతులు ఇందులో లేవు. అవి ఆఫీసులో చెప్తారు. ఆఫీసులో చెప్పనివే నేను చెప్తాను.

సీసా కడగడం అంటే

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన సాంచాల మీద గుడ్డ నేసే పనికి సూరత్ వస్తే వెంట వచ్చాను. చాలాకాలం ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరించి మడతలు పెట్టాను. తరవాత ఒక కాంట్రాక్టరు ద్వారా ల్యాబ్‌లో సీసాలు కడిగే పనిలో కుదిరాను. గిన్నెలు తోమినట్టే కదా, ఇదేం పని అనుకున్నాను. మీరూ అలాగే అనుకుంటారు. పైవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మా ల్యాబ్‌లో తయారుచేసేది వెలిగే బొగ్గు. నవ్వకండి, నిజంగా బొగ్గే. నిమ్మ ఉప్పు, యూరియా నీళ్లలో కరిగించి, గట్టిగా మూత బిగించే ఉక్కు డబ్బాలో పోసి పొయ్యిలాంటి పెట్టెలో గంటల తరబడి వేడి చేస్తారు. తీసి చూస్తే పలచటి చాయ్ రంగు నీళ్లు. అందులో కంటికి ఆనని బొగ్గు నలుసులు ఉంటాయి. వాళ్లు కార్బన్ డాట్స్ అంటారు. మామూలు వెలుతురులో చూస్తే ఏమీ లేదు. చీకటి పెట్టెలో పెట్టి ఊదారంగు దీపం వేస్తే మాత్రం నీలంగా వెలుగుతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను చేతిలో బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ వెలుగుతో పని ఏమిటంటే, మనిషి రక్తంలోనో మూత్రంలోనో ఉండకూడని మందో లోహమో ఉంటే, ఈ నీళ్లు ఒక చుక్క కలపగానే వెలుగు తగ్గుతుంది. ఎంత తగ్గిందో మిషను అంకె చూపిస్తుంది. వెలుగు తగ్గితే ఒంట్లో విషం ఉన్నట్టు. తగ్గకపోతే లేనట్టు. పెద్ద పెద్ద మిషన్లు లేని చోట కూడా పేదవాళ్లకు తక్కువలో పరీక్ష చేయవచ్చని దీన్ని కనిపెట్టారు. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను.

మరి సీసాలో ముందే ఏదైనా అంటుకుని ఉంటే? సబ్బు, గుడ్డ నూగు, వేలి చెమట, ఏదైనా సరే. అప్పుడు ఆ అంకె అబద్ధం చెప్తుంది. అందుకే సీసా కడగడం గిన్నె తోమడం కాదు. గిన్నె సరిగా తోమకపోతే కూరకు వాసన వస్తుంది, తినేవాడు పారబోస్తాడు. సీసా సరిగా కడగకపోతే వాసనా రాదు, ఎవరికీ తెలియదు, కాగితం మీద అంకె పడి అదే నిజమైపోతుంది.

నాకు అంకెలు రావు గనక సీసాల మెడకు దారాలు కట్టేదాన్ని. ఎర్రదారం ఒక ముడి, ఎర్రదారం రెండు ముళ్లు, పచ్చదారం ఒక ముడి, అలా. చీరల పనిలో నేర్చిన ముళ్లే. వాళ్లు అంటించిన చీటీలు తడికి ఊడిపోయేవి. నా దారాలు ఊడేవి కావు. ఏ సీసా ఎవరిదని చదువుకున్న పిల్లలే వచ్చి నన్ను అడిగేవాళ్లు.

మొదటి మేడమ్

నేను చేరినప్పుడు ల్యాబ్‌కు పెద్ద ఒక గుజరాతీ మేడమ్. చాలా కోపిష్టి. కానీ ఆమె కోపం పని మీద, మనిషి మీద కాదు. ఆ తేడా తెలిసిన బాసులు నాకు మళ్లీ దొరకలేదు.

చేరిన కొత్తలో నేనొక తప్పు చేశాను. కడిగిన సీసాలు తొందరగా ఆరాలని ఇంటి నుంచి తెల్లటి పాత ధోతి ముక్క తెచ్చి, ఉతికిందే కదా అని లోపల తుడిచాను. ఆ వారమంతా పిల్లలు వేసిన అంకెలన్నీ తారుమారయ్యాయి. మేడమ్ నన్ను పిలిచి తిట్టలేదు. చీకటి పెట్టె దగ్గరికి తీసుకుపోయి ఆ ధోతి ముక్కను దీపం కింద పెట్టింది. గుడ్డ మొత్తం నీలంగా వెలిగింది, అచ్చం మా బొగ్గునీళ్లలాగే. గుడ్డ తెల్లగా కనపడాలని మిల్లులో ఒక మందు వేస్తారనీ, బట్టల సబ్బులో కూడా అది ఉంటుందనీ, అదే వెలుగుతుందనీ అప్పుడు చెప్పింది. ఇంత పెద్ద బట్టల ఊళ్లో ఉంటూ, అంతకుముందు చేతులు నొచ్చేలా ఆ బట్టే మడతపెడుతూ కూడా నాకు ఆ సంగతి తెలియదు.

ఆ రోజునుంచి మేడమ్ ఒక పద్ధతి పెట్టింది. ఏ సీసానైనా ముందు ఖాళీగా దీపం కింద చూడాలి. ఎవరి మూత్రం వచ్చినా బొగ్గు చుక్క వేయకముందు ఒకసారి ఉత్తగా చూడాలి. అది చూశాకే చుక్క వేయాలి. ఆ ఉత్త చూపు నా పని. చదువు రాని నాకు కళ్లున్నాయి కదా అనేది. ఆమె ఉన్నన్ని రోజులూ ఆ చూపు లేకుండా ఒక్క అంకె కూడా బయటికి పోలేదు.

ఆమె రిటైరయ్యాక వచ్చిన పెద్దసారు మన తెలుగాయనే, కోస్తావైపు మనిషి. మనవాడు వచ్చాడని మొదట సంతోషించాను. ఆయన వచ్చిన నెలలోనే ఉత్త చూపు మానిపించాడు. ఒక్కొక్కరి మూత్రం రెండుసార్లు చూస్తే పని ఎప్పటికి తెమలాలి అన్నాడు. దాని బదులు ల్యాబ్‌లో ఉన్న నలుగురు పిల్లల మూత్రం ఒకసారి చూసి, అది ఎంత వెలిగితే అందరి లెక్కలోంచీ అంత తీసేయమన్నాడు. మనిషి మూత్రం దానంతటదే కొంచెం వెలుగుతుంది, నిజమే. కానీ ల్యాబ్‌లో ఫ్యాను కింద కూర్చునే పిల్లల మూత్రమూ, మిల్లులో రంగు కలిపేవాడి మూత్రమూ ఒక్కటే అని ఏ పుస్తకంలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

పాండేసర క్యాంపు

పాండేసరలో ఒక రంగుల మిల్లువాళ్లు పనివాళ్లకు పరీక్షలు చేయించడానికి ఒప్పుకున్నారు. కొన్ని రంగుల్లో, మందుల్లో క్రోమియం అనే లోహం ఉంటుంది. అది రోజూ చేతికి, ముక్కుకు తగిలితే చర్మం పుళ్లు పడుతుంది, ముక్కులో దూలం తినేస్తుంది, చివరికి మూత్రపిండాల మీదికి వస్తుంది. దాన్ని మా బొగ్గునీళ్లతో కనిపెట్టడం పని. రంగులు కలిపే గదిని మిల్లుల్లో కలర్ కిచెన్ అంటారు. అక్కడా దాని చుట్టుపక్కలా చేసే నలభై మంది మా లిస్టులో ఉన్నారు. చాలామంది మనవైపు నుంచి వచ్చినవాళ్లే.

పనివాళ్లు తెలుగువాళ్లు గనక తానే మాట్లాడతానన్నాడు పెద్దసారు. అందరినీ నిలబెట్టి, మీ మూత్ర నమూనాను ఈ సీసాలో సేకరించి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను అన్నాడు. ఒక్కడూ కదల్లేదు. వెనక నుంచి ఒకడు మెల్లగా నన్ను అడిగాడు.

"నమూనా అంటే ఏంది అవ్వా?"

"ఉచ్చ రా అయ్య. ఉచ్చ పట్టి ఇయ్యమంటుండు."

అందరూ నవ్వారు. సారు ముఖం ఎర్రబడింది. ఇక నువ్వే చూసుకో అని చెప్పి మేనేజరు ఏసీ గదిలోకి పోయి కూర్చున్నాడు. మాతో వచ్చిన పరిశోధన విద్యార్థిని స్వప్న సీసాలకు నంబర్లు వేస్తోంది. స్వప్న మా లింబాయత్ పిల్లే, సాంచాల మీద పనిచేసేవాళ్ల బిడ్డ. నన్ను పెద్దమ్మా అనేది.

ఇక్కడే నా తప్పు జరిగింది. పూర్తిగా నాది. సీసాలన్నీ నేను కడిగి, ఆరబెట్టి, మూతలు పెట్టి తెచ్చినవి. వాటికి ఇంకే నీళ్లూ తగలకూడదు. మనవాళ్ల సంగతి మీకు తెలుసు. కొత్త చెంబైనా సరే ఒకసారి కడగకుండా చేతపట్టరు. ముందున్నవాడు సీసా వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇంతకుముందు ఇండ్ల ఎవలు పట్టిండ్రో ఏమో. జర కడుక్కోవచ్చా అవ్వా?"

వద్దు అనాలి. ఎందుకు వద్దో చెప్పాలి. కానీ వాడు నా చేతి శుభ్రాన్ని శంకించాడని అనుకోకుండా, శుభ్రం తెలిసిన పిల్లలు అని మురిసిపోయాను. కడుక్కోండ్రి బిడ్డా, మంచిదేనాయె అన్నాను. కలర్ కిచెన్ బయట చేతులు కడుక్కునే డ్రమ్ము ఒకటి ఉంది. నలభై మందీ వరసగా ఆ డ్రమ్ములో నీళ్లు మగ్గుతో ముంచుకుని సీసాలు కడుక్కున్నారు. అదే మగ్గుతో పక్క గదివాళ్లు గుడ్డకు వేసే తెలుపు మందు కలుపుతారని నేను చూడలేదు. చూడాల్సింది.

మల్లేశ్ కాగితం

నెల తిరక్కముందే రిపోర్టులు వచ్చాయి. నలభై మందికీ ఏమీ లేదు. మిల్లు గేటు దగ్గర ఆ మాట బోర్డు మీద పెట్టారని విన్నాను.

ఒక ఆదివారం మల్లేశ్ మా ఇంటికి వచ్చాడు. మా పక్క ఊరివాడు, నన్ను చిన్నమ్మా అంటాడు. తొమ్మిదేళ్లుగా కలర్ కిచెన్‌లో రంగులు తూచి కలిపే పని. వేళ్ల మధ్య మానని పుళ్లు. కొన్ని నెలలుగా ముక్కు నుంచి నెత్తురు. పాదాలు ఉబ్బుతున్నాయి. తనను బట్ట మడతపెట్టే ఖాతాలోకి, అంటే ఆ సెక్షన్‌లోకి, మార్చమని మేనేజరును ఎప్పటినుంచో అడుగుతున్నాడు. క్యాంపు రిపోర్టు రానియ్, చూద్దాం అన్నారట. రిపోర్టు వచ్చింది.

కాగితం నా ముందు పెట్టాడు. నాకు చదవడం రాదని వాడికి తెలుసు. అయినా నా వైపే తిప్పి పెట్టాడు.

"నీ లైటు నాకు ఏం రోగం లేదన్నదంట చిన్నమ్మా." జేబులోంచి చేతిరుమాలు తీసి కాగితం మీద పరిచాడు. దాని నిండా ఎండిన మరకలు. "మరి గీ నెత్తురు ఎవలది?"

చాయ్ పెడదామని లేచాను.

"మేనేజర్ ఏమన్నడో ఎరుకేనా? మిషన్ ఝూట్ నహీ బోల్తా, మిషన్ అబద్ధమాడదు అన్నడు. నేను కామ్‌చోర్‌నట. పని ఎగ్గొట్టేటందుకు ముక్కుల పుల్ల పెట్టుకుంటున్ననట."

పదిమంది ముందు అన్న మాట అది. వాడు ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, చాయ్ తాగకుండా పోయాడు.

ఉత్త చూపు

సోమవారం ల్యాబ్ తెరవగానే చల్లపెట్టెలో మిగిలి ఉన్న మిల్లు సీసాలు బయటికి తీశాను. పచ్చదారం రెండు ముళ్లు మల్లేశ్‌ది. బొగ్గు చుక్క వేయకుండా దీపం కింద పెట్టాను. వెలిగింది. ఎర్రదారం, పసుపుదారం, అన్నీ పెట్టాను. అన్నీ వెలిగాయి, కొన్ని మా బొగ్గునీళ్ల కంటే గట్టిగా. పక్కన ల్యాబ్ పిల్లల సీసా పెడితే అది మసకగా ఉంది. ధోతి ముక్క రంగు అది. ఆ రంగును నేను మర్చిపోయే మనిషిని కాను.

లోహం ఉన్నచోట మా వెలుగు తగ్గుతుంది. తెలుపు మందు తన వెలుగు తెచ్చి ఆ లోటు పూడ్చేస్తుంది. మిషను రెండు వెలుగులూ కలిపి చూసి ఏమీ తగ్గలేదు అంటుంది. ఆ బొగ్గు తప్పేమీ లేదు, దానికి అబద్ధం రాదు. మనం అడిగినదానికి అది జవాబు చెప్పింది. మనమే సరిగా అడగలేదు.

మల్లేశ్‌కు కబురు పెట్టి ఆ డ్రమ్ము నీళ్లు ఒక సీసాడు తెప్పించాను. మర్నాడు మధ్యాహ్నం పెద్దసారు ల్యాబ్‌లోకి వచ్చినప్పుడు చెప్పాను. స్వప్న అక్కడే ఉంది.

"సార్, మిల్లు సీసాలు చుక్క వేయకముందే వెలుగుతున్నయి."

"మూత్రం కొద్దిగా వెలుగుతుందమ్మా. అది లెక్కలో తీసేశాం."

"ల్యాబ్ పిల్లలది తీసేసిండ్రు సార్. మిల్లోల్లది తీయలే."

ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశాడు. "నువ్వు ఎంతవరకు చదువుకున్నావు?"

"సదువుకోలే సార్."

"మరి?"

ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. దానికి జవాబు చెప్పకుండా డ్రమ్ము నీళ్ల సీసా చీకటి పెట్టెలో పెట్టి దీపం వేశాను. నీళ్లు నీలంగా మండాయి. ఆయన చూశాడు. వంగి మళ్లీ చూశాడు. అర్థమైంది ఆయనకు. అంత చదువుకున్న మనిషికి అర్థం కాకుండా ఉంటుందా. స్వప్నకూ అర్థమైంది. ఆ పిల్ల ముఖంలో రక్తం లేదు.

మెల్లగా లేచి నిలబడి ఆయన అడిగిన మొదటి మాట, మిల్లువాళ్ల అనుమతి లేకుండా వాళ్ల నీళ్లు ఎవరు తెచ్చారని. రెండో మాట ఇది.

"సీసాలు కడుక్కోమని వాళ్లకి ఎవరు చెప్పారు?"

"నేనే సార్."

"అయితే తప్పు ఎవరిదమ్మా?"

నాదే అన్నాను. నాదే కదా. కానీ ఆ మాట నా నోట రాగానే ఆయన భుజాలు దిగడం చూశాను. పెద్ద బరువేదో నా నెత్తిమీదికి దించేసినట్టు. నేను చేసింది ఒక తప్పు. ఉత్త చూపు మానిపించడం ఇంకో తప్పు. ఏసీ గదిలో కూర్చోవడం మూడోది. తెలిశాక కూడా చెప్పకపోవడం తప్పు కూడా కాదు, దానికి వేరే పేరుంది. వీటిలో చదువు రాని మనిషి తప్పు ఒక్కటే లెక్కకు వచ్చింది.

రిపోర్టులు వెనక్కి తీసుకుంటారా అని అడిగాను. ఇచ్చిన రిపోర్టు ఇచ్చినట్టే అన్నాడు. ఈ మాట బయటికి పోతే ముందు నీ పనే పోతుందన్నాడు. సాయంత్రంలోగా ఆ సీసాలన్నీ కడిగిపెట్టు, రేపు వేరే పని మొదలవుతుంది అన్నాడు. స్వప్న వైపు చూశాను. ఆ పిల్ల తల దించుకుని ఏదో రాసుకుంటున్నట్టు చేసింది. రాయడం లేదు. కలం కదలడం లేదు.

కడిగేశాను

ఇది రాయడానికే నాకు మూడు రోజులు పట్టింది. నేను ఆ సీసాలు కడిగేశాను.

నలభై సీసాలు. ఒక్కొక్కటి ఒంపి, బ్రష్షు వేసి, మూడుసార్లు కడిగి, ఖాళీగా దీపం కింద పెట్టి చూసి, ఇంకా వెలుగుంటే మళ్లీ కడిగి, దారాలు తెంపి బోర్లించాను. పంతొమ్మిదేళ్ల పనిలో అంత శుభ్రంగా ఎప్పుడూ కడగలేదేమో. చెప్పింది చేయడం చేతులకు అలవాటు. బుర్ర వద్దంటున్నా చేతులు ఆగవు. మల్లేశ్ సీసా కూడా కడిగాను. ఆఖరున కడిగాను. అది ఆఖరున కడిగినందువల్ల ఎవరికి ఏం మేలు?

స్వప్న ఒకసారి గుమ్మం దాకా వచ్చింది. నా చేతుల వైపు చూసి వెళ్లిపోయింది. డిగ్రీ సారు చేతిలో ఉంది, ఇంట్లో ఆమె మీద ఆశ పెట్టుకున్నవాళ్లున్నారు. అవన్నీ నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు ఆమె నోరు మెదపకపోవడాన్ని నేను క్షమించలేదు. నా చేతులనూ క్షమించలేదు.

పిల్లలూ, ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి. తప్పు చేశారని మీకు తెలిసిన రోజు, దాన్ని చూపించే వస్తువు మీ చేతిలో ఉంటే, అది కడగమని ఎవరు చెప్పినా కడగకండి. తప్పు మీదైతే మరీ కడగకండి. మీ తప్పును దాస్తున్నామని వాళ్లు అంటారు. వాళ్లు దాచేది వాళ్లది.

తరవాత ఏమైందంటే

తరవాతి సంగతి ముందే చెప్పేస్తాను, మీరు ఎదురుచూడకండి. సర్కారు దవాఖానాలో మల్లేశ్‌కు మామూలు పద్ధతిలో పరీక్ష చేశారు. ఒంట్లో లోహం ఉంది. ముక్కు దూలానికి చిల్లి పడింది. మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైంది, పూర్తిగా పోలేదు. ఆ కాగితం చూశాక మిల్లువాళ్లు వాణ్ణి మడత ఖాతాలోకి మార్చారు. ఇప్పుడూ మందులు వాడుతున్నాడు, పని చేస్తున్నాడు. మిగిలినవాళ్లలో ఇంకో ఐదుగురికి దోషం తేలింది. చేతి తొడుగులు ఇచ్చారు. డ్రమ్ము అక్కడే ఉంది.

పెద్దసారు రిపోర్టు మారలేదు. నన్ను ల్యాబ్ నుంచి తీసేసి వరండాలు ఊడ్చే పనికి వేశారు. రిటైరయ్యేదాకా అదే చేశాను. స్వప్న డిగ్రీ వచ్చాక వేరే చోట చేరి, ఎవరి మూత్రమైనా చుక్క వేయకముందు ఒకసారి ఉత్తగా చూడాలని తన వ్యాసంలో రాసిందట. ఇంటికి వచ్చి చెప్పి ఏడ్చింది. అందులో మొదటి మేడమ్ పేరు ఉందా, నా పేరు ఉందా అని అడిగాను. లేదంది. అన్నం పెట్టి పంపాను. కోపం మాత్రం పోలేదు.

ఆ వెలిగే బొగ్గు ఇప్పుడు చాలా ల్యాబుల్లో ఉందట. రేపు మీ చేతికీ వస్తుంది. దాని మీద నాకు పగ లేదు. పేదవాడికి తొందరగా నిజం చెప్పే వస్తువు అది. దాని ముందు నిలబడేవాళ్లు నిజం వినడానికి సిద్ధంగా ఉంటే చాలు.

మర్నాడు పొద్దున

సీసాలు కడిగిన మర్నాడు పొద్దున నేను ల్యాబ్‌కు పోలేదు. లింబాయత్ నుంచి షేర్ ఆటో మాట్లాడుకుని ఆరున్నరకల్లా మిల్లు గేటు ముందు దిగాను. ఆటో అతన్ని పోవద్దని చెప్పాను. షిఫ్టు మారే టైము. సైకిళ్ల మీద కొందరు, నడిచి కొందరు వస్తున్నారు. చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. నా మాట తప్ప.

గేటుకు అడ్డంగా నిలబడి మన తెలుగులోనే చెప్పాను. మీ కాగితాలు తప్పు. డ్రమ్ము నీళ్లతో సీసాలు కడుక్కోమన్నది నేను. ఆ నీళ్ల వల్ల మీ ఒంట్లో ఉన్నది లైటుకు కనపడలేదు. ఏమీ లేదన్న మాట నమ్మకండి. సర్కారు దవాఖానాకు పోయి మళ్లీ చూపించుకోండి, ఇప్పుడే పోదాం రండి. వాచ్‌మన్ వచ్చి జరుగు జరుగు అన్నాడు. జరగలేదు.

ఎల్లయ్య అనే పెద్దమనిషి సైకిల్ దిగకుండానే అన్నాడు.

"అప్పుడు కడుక్కోమన్నవ్. ఇప్పుడు కడుక్కున్నది తప్పంటున్నవ్. రేపు వచ్చి ఏమంటవే అవ్వా?"

నలుగురు నవ్వారు. వాళ్ల నవ్వులో తప్పు లేదు.

"అప్పుడు తెల్వక చెప్పిన. ఇప్పుడు తెల్సి చెప్తున్న. నన్ను తిట్టుకుంట అయినా ఆటో ఎక్కుండ్రి."

చాలామంది తల పక్కకు తిప్పుకుని లోపలికి పోయారు. ఒక పూట హాజరు పోతే మేనేజరుతో మాట పడాలి, అది వాళ్ల భయం. మల్లేశ్ గేటు లోపలికి సగం పోయినవాడు ఆగాడు. ముక్కు దగ్గర రుమాలు ఉంది. కాసేపు నా వైపు చూశాడు. టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చి ఆటో ఎక్కాడు. వాడి వెనక ఇంకొకడు, ఇంకొకడు. ఎల్లయ్య గొణుక్కుంటూ సైకిల్‌కు తాళం వేసి వచ్చాడు.

ఆటోలో ఏడుగురు ఇరుక్కుని కూర్చున్నారు. నేను డ్రైవరు పక్కన సగం బయటికి కూర్చున్నాను. ఆటో కదలబోతుండగా మిల్లు లోపల షిఫ్టు సైరన్ మోగింది. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా దిగుతారేమోనని.

ఎవరూ దిగలేదు.